విప్పని చీటీ

దొంగ-పోలీసు ఆటకు నాలుగు కాగితపు ముక్కలు చాలు. రాజు, మంత్రి, పోలీసు, దొంగ అని తలా ఒక పేరు రాసి, మడిచి, గుప్పిట్లో గిలకొట్టి నేలమీద వేస్తారు. నలుగురూ తలా ఒకటి తీసుకుంటారు. రాజు బయటపడి పోలీసు ఎవరని అడుగుతాడు. పోలీసు చెయ్యెత్తి, మిగిలిన ఇద్దరి ముఖాలూ చూసి, దొంగను పట్టాలి. పట్టుకుంటే తన అంకె తనకు దక్కుతుంది, తప్పితే అది దొంగకు పోతుంది. అంకెలు ఊరూరికీ మారతాయి. దొంగ చీటీకి మాత్రం ఎక్కడైనా సున్నాయే. ఇదే ఆటను రామాయణం పేర్లతో ఆడే పద్ధతీ తెలుగు బడుల్లో ఉంది. అక్కడ రాముడి చీటీ వచ్చిన పిల్లవాడు సీత ఎవరో కనిపెట్టాలి.

ఇంతకంటే చిన్నపిల్లల ఆట వీరి వీరి గుమ్మడిపండు. కళ్లు మూసిన పిల్ల ఎదురుగా వచ్చి నిలిచినవాళ్ల పేరు ఊహించి చెప్పాలి. అందులో దాగినవాళ్లు అబద్ధమాడరు, నోరు మెదపకుండా ఉంటారంతే. చీటీలాటకు వచ్చేసరికి మౌనం చాలదు. దొంగ చీటీ గుప్పిట్లో ఉన్న పిల్లవాడు తానే మంత్రినని నమ్మించాలి, ఎదుటివాడి వైపు అనుమానం మళ్లించాలి. మౌనం నుంచి మాటకు వేసిన ఈ ఒక్క అడుగులోనే ధర్మశాస్త్రాలు తలబద్దలు కొట్టుకున్న ప్రశ్న ఉంది. అందరి ఒప్పుదలతో ఆడిన అబద్ధం అబద్ధమేనా?

పెద్దల ప్రపంచంలో ఈ ఆట మరింత పెరిగింది. 1980లలో మాస్కో విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదువుతున్న దిమిత్రీ దవీదొవ్ ‘మాఫియా’ అనే ఆట కల్పించాడు. 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ దానికి తోడేలు మనుషుల కథ తొడిగాడు. పదుల కొద్దీ పేకలూ పెట్టెలూ ఆ తర్వాత వచ్చాయి. వేషం ఏదైనా కట్టు ఒకటే. చీటీలు పంచాక ‘రాత్రి’ అవుతుంది, అందరూ కళ్లు మూసుకుంటారు. దాగిన కొద్దిమంది మాత్రం కళ్లు తెరిచి ఒకరినొకరు గుర్తుపట్టి, సైగతో ఒకరిని ‘చంపుతారు’. ‘తెల్లవారాక’ ఊరంతా కూర్చుని హంతకుడెవరో వాదించుకుని, ఓట్లు వేసి ఒకరిని వెళ్లగొడుతుంది. వెళ్లేవాడి చీటీ అప్పుడు విప్పుతారు. తెలిసినవాళ్లు కొద్దిమంది, తెలియనివాళ్లు ఎక్కువమంది: ఆటంతా ఈ తేడా మీదే నడుస్తుంది. బ్రేవర్‌మన్, ఎటెసామి, మోసెల్ అనే ముగ్గురు గణితవేత్తలు 2008లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, నిజం కనిపెట్టే ప్రత్యేక అధికారం ఎవరికీ లేని ఊళ్లో, మొత్తం జనసంఖ్యకు వర్గమూలం స్థాయిలో దాగినవాళ్లుంటే చాలు, గెలుపు అవకాశాలు రెండు పక్షాలకూ సరితూగుతాయి. తెలియనితనం ఎంత పెద్ద బలహీనతో ఆ లెక్క చెబుతుంది.

సత్యం అంటే ఏమిటో యోగశాస్త్రం మీద వ్యాసభాష్యం చక్కగా విడమరిచింది. తనలోని తెలివిడిని ఎదుటివాడిలోకి చేర్చడానికే మాట పుట్టింది. ఆ మాట మోసగించేది కాకూడదు, భ్రమ పుట్టించేది కాకూడదు, అర్థం అందకుండా గొడ్డుపోయేదీ కాకూడదు. ఈ కొలతతో చూస్తే ఆటలోని బొంకు మొదటి మెట్టు మీదే జారుతుంది. దాన్ని కాపాడటానికి నాటకాన్ని సాక్ష్యం తెచ్చుకోవడం మామూలు. వేదిక మీద రావణుడు వేసినవాడు అబద్ధీకుడు కాడు కదా అంటారు. ఆ పోలిక అతకదు. నటుడు తాను రావణుడేనని ప్రేక్షకుడు నిజంగా నమ్మాలని కోరడు. చీటీలాటలో దొంగ మాత్రం తన మాటను ఎదుటివాడు నమ్మాలనే చెబుతాడు. నమ్మకపోతే అతను ఓడినట్టే. ఆటలోని అబద్ధం అసలైన అబద్ధంలాగే పనిచేస్తుందని ముందు ఒప్పుకోవాలి. తప్పెందుకు కాదో ఆ తర్వాతే వెతకాలి.

పురాణేతిహాసాలు ఇచ్చిన మినహాయింపు ఒకటుంది. ఆదిపర్వంలో యయాతితో శర్మిష్ఠ, పాపం అంటని అసత్యాలు అయిదు అని చెబుతూ పరిహాసపు మాటను అందులో చేర్చింది. సంస్కృత భాగవతంలో బలికి శుక్రాచార్యుడు చెప్పిన జాబితాలోనూ పరిహాసం ఉంది. అదే ఘట్టంలో పోతన రాసిన పద్యం తెలుగువాళ్లకు కంఠస్థం. స్త్రీలు, పెళ్లిళ్లు, ప్రాణం, ధనం, మానం, గోబ్రాహ్మణుల రక్షణ అన్నీ అందులో వచ్చాయి గాని పరిహాసం రాలేదు. కారణం ఛందస్సు కావచ్చు, మరేదైనా కావచ్చు. తెలుగు పాఠకుడికి అందిన జాబితాలో మాత్రం ఆటకు చోటు లేదు. ఉన్నా అది సరిపోయేది కాదు. చీటీలాట ఆడేవాళ్లు నవ్వుకోవడానికే ఆడినా, ఆడుతున్నంతసేపూ నవ్వులాటగా ఆడరు. వేళాకోళం అన్న కారణం కంటే గట్టి కారణం కావాలి.

అది విరాటపర్వంలో దొరుకుతుంది. తిక్కన తన మహాభారత రచనను మొదలుపెట్టిన పర్వం అదే. రెండోసారి జరిగిన జూదంలో పందెం ఇలా కుదిరింది: పన్నెండేళ్లు అరణ్యవాసం, పదమూడో ఏడు అజ్ఞాతవాసం, ఆ ఏడాదిలో గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. ధర్మరాజు కంకుభట్టయ్యాడు, భీముడు వంటశాలలో వలలుడయ్యాడు, అర్జునుడు బృహన్నల, నకుల సహదేవులు దామగ్రంథి తంత్రీపాలురు, ద్రౌపది సైరంధ్రి. ఆయుధాలు జమ్మిచెట్టెక్కాయి. విరాటుడి కొలువులో ధర్మరాజు చెప్పుకున్న పరిచయం బొంకులో ఆరితేరినవాళ్లు ఎవరైనా మెచ్చేది. తాను బ్రాహ్మణుడినని, ఒకప్పుడు యుధిష్ఠిరుడికి చెలికాడినని, పాచికలాట తెలుసునని అన్నాడు. తన పేరునే అడ్డం పెట్టుకుని తాను దాక్కున్నాడు.

విరాటుడి మత్స్యదేశం రాజస్థాన్‌లోని బైరాట్ ప్రాంతమని చరిత్రకారులు చెబుతారు. అయితే మత్స్య అన్న పేరు తూర్పు కనుమలకు కొత్తది కాదు. మాడుగుల దగ్గరి ఒడ్డాది నుంచి ఏలిన మధ్యయుగపు రాజులు తమను మత్స్యవంశీయులమని తామ్రశాసనాల్లో చెప్పుకున్నారు. వాటిలో దిబ్బిడ శాసనం 1269 నాటిది. కొండలపైన మాచ్‌ఖండ్ నది ఉంది, పాడేరుకు దగ్గరలో మత్స్యగుండం ఉంది. ఆ గుండంలోని చేపలను దేవుడి చేపలని ఎవరూ పట్టరు. ఇవి భారతకథతో కలిసే దారులు కావు. పేరు కలిసినంత మాత్రాన మనిషిని గుర్తుపట్టినట్టు కాదని విరాటపర్వమే నేర్పుతుంది.

అజ్ఞాతవాసంలో వెతికేవాళ్ల పక్షం దాగినవాళ్ల పక్షం కంటే తక్కువ ఆసక్తికరమైనదేమీ కాదు. విరాటుడి బావమరిది కీచకుడు చచ్చాడన్న వార్త విని దుర్యోధనుడి పక్షం అనుమానపడింది. అంతటి బలవంతుణ్ణి చంపగలవాళ్లు ఎందరుంటారు? భీష్ముడు మరోలా ఆలోచించాడు. ధర్మరాజు ఉన్నచోట వానలు సకాలంలో పడతాయి, పంటలు పండుతాయి, జనం మాట మీద నిలబడతారు, అలాంటి దేశం వెతకమన్నాడు. చెడ్డవాణ్ణి వాడి తడబాటు పట్టిస్తుంది. ఇక్కడ దాగినవాణ్ణి అతని మంచితనమే పట్టించేలా ఉంది. కంకుభట్టు ముఖం మీద విరాటుడు పాచిక విసిరినప్పుడు కారిన నెత్తురు నేల పడకుండా సైరంధ్రి పాత్రలో పట్టిన ఘట్టమూ అలాంటిదే. వేషం ఎంత గట్టిదైనా, ఆ నెత్తురు నేల తాకి రాజ్యానికి కీడు జరగకూడదన్న తపన దాగలేదు.

ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు గాండీవం పట్టగానే దుర్యోధనుడు గడువు తీరలేదని, ఆట ఓడారని పట్టుబట్టాడు. భీష్ముడు అధికమాసాలు లెక్కకట్టి పదమూడేళ్లూ నిండి పైన ఇంకా మిగిలిందని తేల్చాడు. ఆ తర్వాత అయిదుగురూ రాజవేషాల్లో విరాటుడి సభలో ఆసనాలెక్కి కూర్చున్నారు. చీటీలు విప్పడమంటే అదే. ఎవరిని ఏమనుకున్నాడో విరాటుడికి తెలిసింది, జరిగిన అవమానాలకు క్షమాపణ చెప్పుకునే వీలు కలిగింది, వెంటనే పెళ్లి సంబంధం కూడా కుదిరింది.

ఆ ఏడాది పొడుగునా బొంకిన ధర్మరాజు రథం నేలకు నాలుగంగుళాల పైనే నడిచిందని, ద్రోణుడితో అన్న ఒక్క మాటకు నేల తాకిందని భారతం చెబుతుంది. అశ్వత్థామ చచ్చాడని చెప్పి, చచ్చింది ఏనుగన్న మాటను వినిపించకుండా గొణిగాడు. ఏడాది అసత్యానికి దిగని రథం ఒక్క అర్ధసత్యానికి ఎందుకు దిగింది? అజ్ఞాతవాసం రెండు పక్షాలూ ఒప్పుకున్న పందెం. దుర్యోధనుడికి పాండవులు దాగి ఉన్నారని తెలుసు, వెతికే హక్కు అతనికుంది, గడువు ఎంతో ఇద్దరికీ తెలుసు. ద్రోణుడు మాత్రం యుద్ధం మధ్యలో, యుద్ధానికి బయట నిలబడి అడిగాడు. ఈ ఒక్కడూ అబద్ధమాడడన్న నమ్మకంతో ఒక తండ్రిగా అడిగాడు. ఆటలో లేనివాణ్ణి ఆటగాడిగా వాడుకోవడమే అక్కడి తప్పు. నిజానికి విరాటుడి సంగతి కూడా ఇక్కడ కొంచెం ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే పందెంలో అతనికి భాగం లేదు. చివరి సభలో చీటీలు విప్పి అతని రుణం తీర్చుకోకపోతే ఆ మచ్చ పాండవులకు మిగిలి ఉండేది.

అలా మూడు సంగతులు కలిస్తే ఆటలోని అసత్యం నిర్దోషమవుతుంది: దాగినవాళ్లున్నారని అందరికీ ముందే తెలియడం, గడువు ఉండడం, చివరికి నిజం బయటపడడం. మూడోదాన్ని జనం తక్కువగా చూస్తారు గాని మొదటి రెండూ దాని మీదే నిలబడ్డాయి.

ఒప్పుదల లేని అసత్యమంతా పాపమేనా అంటే అదీ కాదు. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెప్పాడు. సత్యవ్రతుడైన ఆ బ్రాహ్మణుడు, తరుముకొచ్చిన దొంగలు అడిగితే, పొదల్లో దాగిన జనం జాడ ఉన్నదున్నట్టు చెప్పి వాళ్లను చంపించాడు, నరకానికి పోయాడు. తూర్పు కనుమలకు ఈ కథ కొత్తగా చెప్పనక్కరలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లను ముట్టడించిన అల్లూరి సీతారామరాజు తన పని దాచలేదు. పట్టుకెళ్లిన ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టాడు. దాచింది మన్యం జనం. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అతన్ని కాల్చి చంపేదాకా పోలీసుల ప్రశ్నలకు ఎన్ని గూడేలు తెలియదన్నాయో లెక్కలేదు. ఆ ‘తెలియదు’ల మీద రథం దిగినట్టు ఏ భారతమూ చెప్పదు.

ఆట వల్ల మరో ప్రశ్న కూడా లేస్తుంది. ఎదుటివాడి మనసులో ఏముందో దేన్ని బట్టి తెలుస్తుంది? పొగను చూసి నిప్పును ఊహించినట్టు చెమట చూసి దొంగను ఊహిస్తారు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న నియమాన్ని న్యాయశాస్త్రం వ్యాప్తి అంటుంది. చెమటకూ దొంగతనానికీ అలాంటి వ్యాప్తి లేదు. నిర్దోషికీ భయంతో చెమట పడుతుంది. సాధ్యం ఉన్నచోటా లేనిచోటా కూడా కనిపించే ఇలాంటి హేతువును సవ్యభిచారం అని పేరు పెట్టి హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే దోషాల్లో, మొదట చెప్పాడు న్యాయసూత్రాల గౌతముడు. దొంగ-పోలీసు ఆడే పిల్లలు ఈ దోషాన్ని పేరు తెలియకుండానే నేర్చుకుంటారు. పోలీసు పిల్లవాడు కళ్లు దించినవాడే దొంగ అని గట్టిగా చెబుతాడు, చీటీ విప్పితే మంత్రి అని ఉంటుంది. తర్వాతి ఆటలో కళ్లు దించడాన్ని అంతగా నమ్మడు. విప్పిన ప్రతి చీటీ ఊహను దిద్దుతుంది.

చీటీ లేకుండా ఇదే ఆట నడిస్తే ఏమవుతుందో చూడాలంటే అరకు చుట్టుపక్కల కొండల్లో చిల్లంగి అనే మాట దగ్గరికి రావాలి. మంత్రంతోనో చూపుతోనో ఒక మనిషి మరో మనిషికి జబ్బునూ చావునూ తెప్పించగలడన్న నమ్మకానికి ఏజెన్సీలో ఆ పేరు. మైదానంలో చేతబడి అన్నా, తెలంగాణలో బాణామతి అన్నా సంగతి ఒకటే. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లాలో బగత, కొండదొర, వాల్మీకి, కోటియా, పోర్జ, గదబ, కోందు జనాలు ఉంటారు. చిల్లంగి నెపంతో హత్య అన్న వార్త దశాబ్దాలుగా తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో వస్తూనే ఉంది. దీన్ని ఆదివాసీల అజ్ఞానమని కొట్టిపారేయడం తప్పు. 1692లో అమెరికాలోని సేలంలో బైబిలు చదివిన న్యాయమూర్తులు, నిందితుల రూపం కలలోనో కళ్లెదుటో కనబడిందన్న సాక్ష్యాన్ని కూడా నమ్మి పందొమ్మిది మందిని ఉరితీశారు. గదబ గూడెంలో విత్తే రోజు, పెళ్లి రోజు చూసిపెట్టే దిసారి ఊరి కాలాన్ని మోస్తున్న మనిషి. అతన్నీ ఈ హత్యలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం.

తోడేలు మనుషుల ఆటకూ చిల్లంగి అనుమానానికీ ఉన్న పోలిక భయం పుట్టిస్తుంది. రాత్రి ఒక చావు జరుగుతుంది, తెల్లవారాక ఊరు కూర్చుంటుంది, మనలోనే ఎవరో అంటుంది. ఎవరితో ఎవరికి భూమి తగాదా, ఎవరు ఎవరి పశువును తిట్టారు, ఎవరు ఆ ఇంటి ముందు ఆగి చూశారు, అన్నీ గుర్తుకొస్తాయి. అనుమానం ఎక్కువగా పడేది చుట్టాల మీదా పొరుగువాళ్ల మీదే, అందులోనూ ముసలివాళ్ల మీద. కాదంటే దాస్తున్నాడంటారు. ఏడిస్తే నటన, ఏడవకపోతే రాతిగుండె. భయపడి ఊరు వదిలితే రుజువైపోయినట్టే. ఏది చేసినా దోషాన్నే చూపే హేతువు సవ్యభిచారం కంటే అధ్వాన్నం, ఎందుకంటే దాన్ని తప్పని చూపగల సంఘటన ఏదీ లోకంలో ఉండదు. ఆ మనిషిని చంపాక కూడా తెలిసేదేమీ లేదు. ఆటలో వెళ్లగొట్టినవాడి చీటీ విప్పితే ఊరు తప్పు చేసిందో ఒప్పు చేసిందో అందరి ముందూ తేలుతుంది. ఇక్కడ విప్పడానికి చీటీయే పంచలేదు. జబ్బులు ఆగితే అతనే చేశాడంటారు, ఆగకపోతే ఇంకొకరు ఉన్నారంటారు.

అజ్ఞాతవాసాన్ని కాపాడిన మూడు షరతుల్లో ఒక్కటీ ఇక్కడ లేదు. నిందపడ్డ మనిషి ఏ ఆటకూ ఒప్పుకోలేదు, గడువు లేదు, నిజం బయటపడే సభ లేదు. అన్నిటికంటే ఘోరం, ఈ ఊళ్లో తెలిసిన కొద్దిమంది అంటూ ఎవరూ లేరు. దాగినవాడే లేని ఆటలో అందరూ తెలియనివాళ్లే. ఆటగాళ్లకు ఓడిపోయే హక్కు ఉంటుంది. వీళ్లకు ఆ హక్కు కూడా లేదు.

ఆఫ్రికాలోని అజాందే జనం మీద 1937లో వచ్చిన పుస్తకంలో మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ ఈ నమ్మకం వెనకున్న ప్రశ్నను గౌరవంగా పట్టుకున్నాడు. చెదలు తిన్న గాదె కూలి కింద కూర్చున్నవాళ్లు చనిపోతే, చెదల సంగతి అజాందేలకూ తెలుసు. సరిగ్గా ఆ మనుషులు కింద ఉన్నప్పుడే ఎందుకు కూలిందన్నదే వాళ్ల ప్రశ్న. అరకు కొండల్లో బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగేదీ అదే: ఊరంతా దోమలున్నప్పుడు నా బిడ్డే ఎందుకు? మైదానంలో ఆ ప్రశ్నకు కర్మ అనో గ్రహచారం అనో విధి అనో జవాబు వస్తుంది. ఆ జవాబులు గొప్పవని కాదు. కానీ అవి దోషిని పక్కింట్లో చూపించవు.

పొరుగున కోరాపుట్ కొండలున్న ఒడిశాలో, మంత్రగత్తె అని నిందించి వేధించడాన్నే నేరం చేస్తూ 2013లో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో హత్య జరిగితే హత్యగానే కేసు నడుస్తుంది. హత్యదాకా రాని వెలి, దెబ్బలు, ఊరు విడిచిపోవడం చాలాసార్లు ఠాణా మెట్లెక్కకుండానే ఆగిపోతాయి. చట్టం చావు తర్వాత వస్తుంది, అనుమానం అంతకు చాలా ముందే మొదలవుతుంది.

అనుమానం మొదలయ్యే ఆ గంటలో గూడేనికి చేరగలిగిన మనిషి ఆశా కార్యకర్త. మన్యంలో చలిజ్వరం చాలాసార్లు ఫాల్సిపారం మలేరియా. అది మెదడుకెక్కితే మనిషి ఒక్కసారిగా మాట తడబడి, ఎవరినో చూసినట్టు బెదిరి, మూర్ఛపోతాడు. చిల్లంగి సోకిందని జనం చెప్పే లక్షణాలకు అది చాలా దగ్గర. వేలికొసన సూదితో పొడిచి ఒక చుక్క నెత్తురు పరీక్షపట్టీ మీద వేస్తే, మలేరియా ఉంటే పావుగంట ఇరవై నిమిషాల్లో గీత కనబడుతుంది. ఊరందరి ముందూ విప్పి చూపగల చీటీ ఇదొక్కటే. జ్వరం మలేరియాదన్న ఊహ తప్పో ఒప్పో మరుసటి జ్వరానికి మళ్లీ పరీక్షించుకోవచ్చు కూడా. అయితే రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో మోసుకెళ్తూ దారిలోనే మనిషి పోతే, ఆ గీతను ఎవరూ చూడరు. మోసినవాళ్లు ఒట్టి డోలీతో కొండెక్కి తిరిగొచ్చేసరికి ఊరు చెట్టు కింద కూర్చుని ఉంటుంది.